ఒగ్గు కథ 4కే రికార్డింగుల ఎడిటింగ్‌కు మ్యాక్, విండోస్, లినక్స్ కలిపి వాడాలంటే ఏ సిస్టమ్‌లు కొనాలి?

నల్లగొండ_డోలు

అందరికీ నమస్కారం. నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర మాది చిన్న స్టూడియో. పన్నెండేళ్లుగా పెళ్లి వీడియోల మిక్సింగే మా జీవనాధారం. రెండేళ్లుగా దానికి తోడు ఇంకో పని నెత్తికెత్తుకున్నాం. చుట్టుపక్కల ఊళ్లలో వయసు మీద పడిన ఒగ్గు కథకులు చెప్పే మల్లన్న కథ, బీరప్ప కథ మొదటి నుంచి చివరి దాకా కోత లేకుండా రికార్డు చేస్తున్నాం. కథ మూడు గంటలు నడిస్తే మూడు కెమెరాలూ మూడు గంటలు తిరుగుతాయి.

వేదిక మొత్తం కనిపించే కెమెరా 4కే, సెకనుకు 50 ఫ్రేములు. డోలు మీద పుల్ల పడే వేగం 25 ఫ్రేముల్లో చెదిరిపోతోంది కాబట్టి అలా పెట్టాం. అది హెచ్.265, 10 బిట్, 4:2:2, 200 మెగాబిట్లు. మిగతా రెండూ 4కే, 25 ఫ్రేములు, హెచ్.264, 10 బిట్, 4:2:2, 140 మెగాబిట్లు.

ఇప్పుడున్నవి రెండు. ఒకటి ఆరో తరం ఐ7 ఉన్న విండోస్ 10 సిస్టమ్, అందులో ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. రెండోది మా భాగస్వామి తెచ్చుకున్న ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్. మా మేనల్లుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, లినక్స్ పెడదాం మామా అంటున్నాడు. టైమ్‌లైన్ మీద మూడు కెమెరాలు పెడితే పాత సిస్టమ్ నిమిషం కూడా ఆడదు.

చేతిలో నాలుగున్నర లక్షలు ఉన్నాయి. అప్పు చేసే ఉద్దేశం లేదు. దుకాణంలో అడిగితే పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేస్తే అన్నీ సర్దుకుంటాయన్నారు. నిజమేనా? మూడు రకాల యంత్రాలతో ఒకే ప్రాజెక్టు మీద పనిచేయడం అసలు సాధ్యమేనా?

మిర్యాలగూడ_మిక్సింగ్

తమ్ముడూ, కెమెరా వివరాలన్నీ ముందే రాశావు, సగం పని తగ్గించావు. ఇక్కడ అడిగేవాళ్లలో ఎక్కువ మంది 4కే అని రాసి ఊరుకుంటారు. 4కే అన్నది కొలత మాత్రమే. సిస్టమ్‌ను కూర్చోబెట్టేది ఆ ఫైలును కుదించిన తీరు.

హెచ్.265లో ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండదు. ఒక పూర్తి ఫ్రేము ఉంటుంది, దాని తర్వాతివన్నీ ముందూ వెనకా ఫ్రేములతో తేడాలు మాత్రమే. నువ్వు టైమ్‌లైన్ మీద ఒకచోట నొక్కితే అక్కడి బొమ్మ తేవడానికి సిస్టమ్ వెనక్కి వెళ్లి లెక్క కట్టుకుంటూ రావాలి. మూడు కెమెరాలంటే మూడు లెక్కలు ఒకేసారి. ఈ లెక్క కోసం చిప్పులో ప్రత్యేకమైన భాగం ఉంటే నీళ్లు తాగినంత సులభం. లేకపోతే ప్రాసెసర్ ఒంటరిగా మోయాలి.

అసలు మెలిక 4:2:2 దగ్గరుంది. రంగు సమాచారాన్ని ఎంత దాచుతుందో చెప్పే లెక్క అది. ఎన్విడియా కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 40 వరుస దాకా 4:2:2ను డీకోడ్ చేసే, అంటే కుదించిన ఫైలును విప్పే భాగం లేదు. అంటే నీ దుకాణదారు చెప్పిన పెద్ద కార్డు 40 వరుసది అయితే, లక్షన్నర పోసినా నీ ఫైళ్ల విషయంలో చేతులు కట్టుకుని కూర్చుంటుంది. 2025 జనవరిలో మొదలైన 50 వరుసలో హెచ్.264, హెచ్.265 రెండింటికీ 4:2:2 డీకోడింగ్ వచ్చింది. ఇంటెల్ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగం, అదే క్విక్ సింక్, డెస్క్‌టాపుల్లో 11వ తరం నుంచి హెచ్.265 4:2:2ను చదువుతుంది. కానీ 12, 13, 14 తరాల్లో కూడా హెచ్.264 4:2:2ను చదవదు. నీ రెండు కెమెరాలు సరిగ్గా అక్కడే ఇరుక్కుంటాయి. ఏఎండీ రైజెన్ 7000, 9000 ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉన్నా 4:2:2 జోలికి పోవు.

నీ ఆరో తరం ఐ7 సంగతి మరీ తేలిక. దానికి 10 బిట్ హెచ్.265 పూర్తిగా కొత్త. పైగా విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, విండోస్ 11కు ఆ ప్రాసెసర్ అర్హత లేదు. దానిమీద ఇంక రూపాయి పెట్టకు.

మిర్యాలగూడ_మిక్సింగ్

ఒక మాట మరిచాను. ఇంటెల్ ప్రాసెసర్ కొనేటప్పుడు పేరు చివర ఎఫ్ అక్షరం ఉందేమో చూసుకో. 13700ఎఫ్, 14700కేఎఫ్ లాంటివి. ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ భాగం పనిచేయదు, క్విక్ సింక్ ఉండదు. మూడేళ్ల కిందట నాకు అలాంటిదే కట్టి ఇచ్చారు. రెండు వేలు తక్కువకు వచ్చిందని నేనూ సంతోషించాను. ఎడియస్ ఏళ్లుగా క్విక్ సింక్ మీద ఆధారపడిన సాఫ్ట్‌వేర్. ఆ సీజన్ అంతా రాత్రిళ్లు రెండర్‌కు కాపలా కాశాను.

పాలమూరు_కలరిస్ట్

మహబూబ్‌నగర్ నుంచి. నేను మ్యాక్ మీద రంగులు దిద్దే పని చేస్తాను, అందుకే నా మాట మ్యాక్ వైపు మొగ్గుతుందని ముందే చెబుతున్నాను.

2024 అక్టోబర్ చివర్లో వచ్చిన ఎం4 మ్యాక్ మినీ మన దేశంలో 59,900కు మొదలైంది. 16 జీబీ మెమరీ, 256 జీబీ నిల్వ. అందులో హెచ్.265 చదివే భాగంతో పాటు ఎడిటింగ్‌కు తేలికగా ఉండే ఆపిల్ వీడియో పద్ధతి ప్రోరెస్ కోసం ప్రత్యేకమైన భాగం ఉంది. మీ ఎం1 ఎయిర్‌లో ఆ ప్రోరెస్ భాగం లేదు, హెచ్.265 మాత్రం బాగానే ఆడుతుంది. మెమరీ తర్వాత పెంచుకోలేం, కొన్నరోజు ఎంతో చివరి రోజూ అంతే. కాబట్టి 16 జీబీ వద్దు. 4కే మూడు వరుసల మీద బొమ్మలోని చుక్కలు తగ్గించే నాయిస్ రిడక్షన్ వేస్తే 16 జీబీ ఊపిరాడనివ్వదు. నేనైతే ఎం4 ప్రో ఉన్న మినీ తీసుకుని 48 జీబీ అడుగుతాను. మ్యాక్ స్టూడియో మీ పనికి అవసరం లేదు. నిల్వ మాత్రం ఆపిల్ దగ్గర కొనకండి. 512 జీబీతో ఆగి, బయట ఎస్ఎస్‌డీ పెట్టుకోండి.

వాడిన ఇంటెల్ మ్యాక్‌లు చవకగా అమ్మకానికి వస్తున్నాయి. వాటి వైపు చూడొద్దు. 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ 26 వాటికి చివరిదని ఆపిల్ స్వయంగా ప్రకటించింది.

సూర్యాపేట_అసెంబ్లర్

పాలమూరు అన్నతో నేను ఒప్పుకోను. 48 జీబీ మినీకి పెట్టే డబ్బుతో కోర్ అల్ట్రా 7 265కే, 64 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 5070 టీఐ ఉన్న సిస్టమ్‌కు దగ్గరగా వెళ్లొచ్చు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి కాబట్టి ముందు 32తో మొదలుపెట్టి తర్వాత ఇంకో జత వేసుకోవచ్చు. విండోస్ సిస్టమ్‌లో ఎస్‌ఎంపీఎస్ కాలిపోతే సాయంత్రానికల్లా సూర్యాపేటలోనే మార్చి ఇస్తాను. లేదంటే పొద్దున బస్సెక్కి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. మ్యాక్ మదర్‌బోర్డు పోతే మన జిల్లాలో ఎవరు చూస్తారు? పెళ్లిళ్ల సీజన్‌లో పది రోజులు యంత్రం హైదరాబాద్‌లో ఉంటే ముహూర్తాలు ఆగుతాయా?

ఇంకొకటి. సెకండ్ హ్యాండ్‌లో 13900కే, 14900కే కొనాలనుకుంటే జాగ్రత్త. ఆ రెండు తరాల్లో ఎక్కువ వోల్టేజీ వల్ల ప్రాసెసర్ క్రమంగా దెబ్బతినే లోపాన్ని ఇంటెల్ అంగీకరించి 2024 ఆగస్టులో మైక్రోకోడ్, అంటే చిప్పు లోపలి ఆదేశాల్లో మార్పు ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. బయాస్ మార్చకుండా ఏడాది తిప్పిన చిప్పు ఎంత దెబ్బతిందో బయటి నుంచి తెలియదు.

పాలమూరు_కలరిస్ట్

సూర్యాపేట తమ్ముడు చెప్పిన మరమ్మతు మాట నిజం, కాదనను. కానీ కరెంటు సంగతి కూడా చూడాలి కదా. ఎం4 ప్రో మినీ గరిష్ఠంగా 140 వాట్లు తీసుకుంటుంది, మామూలు ఎం4 మినీ 65. మీరు చెప్పిన కార్డు ఒక్కటే 300. మే నెలలో నల్లగొండలో 44, 45 డిగ్రీల ఎండలో ఆ గదిలో కూర్చునే మనిషి సంగతి ఆలోచించండి. ఏసీ ఖర్చు ఎవరూ కొటేషన్‌లో రాయరు.

మిర్యాలగూడ_మిక్సింగ్

కరెంటు మాట వచ్చింది కాబట్టి: 1 కేవీఏ అని రాసి ఉన్న మామూలు యూపీఎస్ చాలావరకు 600 వాట్లే ఇస్తుంది. 5070 టీఐ సిస్టమ్ రెండర్ పెట్టినప్పుడు మానిటర్‌తో కలిపి ఆ గీత దగ్గరికి వెళ్తుంది. 2 కేవీఏ, సైన్ వేవ్ ఉన్నది తీసుకో. మా గది వెనక రైస్ మిల్లు. ఊక దుమ్ము క్యాబినెట్ జల్లెడలో చేరి గాలి ఆగిపోతే ప్రాసెసర్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. రెండు వారాలకోసారి జల్లెడ విప్పి దులుపుతాను. సిస్టమ్ పాతబడింది, కొత్తది కావాలి అని నా దగ్గరికి వచ్చినవాళ్లలో కొందరికి దుమ్ము దులిపి పంపించాను.

వనపర్తి_లినక్స్

మేనల్లుడి పక్షాన నేను మాట్లాడతాను. అయితే ఆయన ఆశించిన విధంగా కాదు.

లినక్స్ మీద డావించి రిజాల్వ్ అనే ఎడిటింగ్, రంగుల సాఫ్ట్‌వేర్ ఉంది, నేను వాడతాను. కానీ ఉచిత వెర్షన్‌లో లినక్స్ మీద హెచ్.264, హెచ్.265 ఫైళ్లు తెరుచుకోవు. డబ్బు కట్టిన స్టూడియో వెర్షన్‌లో, అయితేనే తెరుచుకుంటాయి. ఏఏసీ శబ్దం ఉన్న ఫైళ్లు తెచ్చిస్తే బొమ్మ వస్తుంది, మాట రాదు. ముందు శబ్దాన్ని వేవ్ ఫైలుగా మార్చుకోవాలి. ప్రీమియర్ లేదు, ఎడియస్ లేదు, ఫైనల్ కట్ లేదు. రోజూ గిరాకీ వచ్చే స్టూడియోలో లినక్స్ మీద ఎడిటర్‌ను కూర్చోబెట్టమని నేను చెప్పను.

మరి లినక్స్ ఎక్కడ పనికొస్తుంది? మధ్యలో. ఆ ఆరో తరం ఐ7ను పారేయకండి. ఎడిటింగ్‌కు ముసలిదే గానీ ఫైళ్లు పంచడానికి చాలా బలమైనది. అందులో లినక్స్ వేసి, నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే సాంబా పెట్టి, మ్యాక్‌కూ విండోస్‌కూ ఒకే నిల్వ చూపించండి. రిజాల్వ్ ప్రాజెక్టుల డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ మీద నడుస్తుంది, అదీ అందులోనే ఉంటుంది. అప్పుడు ఒకే ప్రాజెక్టును మ్యాక్ మీద ఒకరు, విండోస్ మీద ఇంకొకరు తెరవొచ్చు. ఒకే స్టూడియో లైసెన్సు, 295 డాలర్లు ఒకేసారి కడితే రెండు యంత్రాల మీద నడుస్తుంది. ఆ రెండూ ఒకే రకానివి కానవసరం లేదు.

సర్వర్ పెట్టినందువల్ల డ్రైవుల గొడవ కూడా పోతుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవును మ్యాక్ చదువుతుంది, రాయదు. మ్యాక్ ఏపీఎఫ్‌ఎస్‌ను విండోస్ గుర్తించనే గుర్తించదు. రెండిటికీ నడిచేది ఎక్స్‌ఫ్యాట్. కానీ దానికి జర్నల్, అంటే జరుగుతున్న మార్పులను రాసుకునే చిట్టా ఉండదు. కాపీ మధ్యలో తీగ ఊడితే ఫోల్డర్ మొత్తం గల్లంతయ్యే ప్రమాదం ఉంది. చేరవేతకు సరే, దాని మీద ఎడిటింగ్ వద్దు. నెట్‌వర్క్ మీద అయితే డ్రైవు ఏ పద్ధతిలో ఉందో సర్వర్‌కు మాత్రమే తెలిస్తే చాలు.

నల్లగొండ_డోలు

ఎంత ఓపికగా రాశారు అందరూ. కృతజ్ఞతలు. వనపర్తి గారూ, ఒక సందేహం. నెట్‌వర్క్ తీగ మీద 4కే మూడు కెమెరాలు ఆడతాయా? మా గదిలో మామూలు గిగాబిట్ రౌటర్ ఉంది. 10 గిగాబిట్ స్విచ్ ధర చూసి భయపడ్డాను.

వనపర్తి_లినక్స్

లెక్క వేద్దాం. గిగాబిట్ అంటే కాగితం మీద సెకనుకు 125 మెగాబైట్లు, చేతికి వచ్చేది 110 దగ్గర.

మీ అసలు ఫైళ్లు: 140 మెగాబిట్ల కెమెరా 17.5 మెగాబైట్లు, అలాంటివి రెండు 35. 200 మెగాబిట్ల కెమెరా 25. మొత్తం 60. గిగాబిట్ మీద సుఖంగా వెళ్తాయి.

ఇప్పుడు వాటిని ఎడిటింగ్‌కు తేలికగా ఉండే ప్రోరెస్ 422లోకి మారిస్తే: 4కే 25 ఫ్రేములకు 492 మెగాబిట్లు, అంటే 62 మెగాబైట్లు. రెండు కెమెరాలకు 123. 50 ఫ్రేముల కెమెరా ఒక్కటే ఇంకో 123. మొత్తం 246. గిగాబిట్ అక్కడికక్కడే చేతులెత్తేస్తుంది. 2.5 గిగాబిట్ కూడా ఒక్క మనిషికే సరిపోతుంది. నిల్వ చూడండి. ఒక కథకు అసలు ఫైళ్లు దాదాపు 650 జీబీ. ప్రోరెస్ 422లో అదే కథ 2.6 టెరాబైట్లు దాటుతుంది.

అంటే కుదించిన ఫైలు తీగకు తేలిక, ప్రాసెసర్‌కు బరువు. విప్పిన ఫైలు ప్రాసెసర్‌కు తేలిక, తీగకూ డిస్కుకూ బరువు. బరువు ఎక్కడో ఒకచోట మోయాల్సిందే. ఎక్కడ పెట్టాలో తేల్చుకున్నాకే యంత్రాలు కొనాలి.

మీకు మధ్య దారి ఉంది. ప్రాక్సీలు, అంటే అసలు ఫైళ్లకు తేలికైన చిన్న నకళ్లు. 1080లో ప్రోరెస్ ప్రాక్సీ 25 ఫ్రేములకు 38 మెగాబిట్లే. మూడు కెమెరాలకు కలిపి సెకనుకు 19 మెగాబైట్లు, కథ మొత్తానికి 200 జీబీ పైచిలుకు. కోతా అతుకూ అంతా ప్రాక్సీల మీద చేయండి. ఎం1 ఎయిర్ కూడా హాయిగా ఆడిస్తుంది. రంగులు దిద్దేటప్పుడు, చివరి రెండర్‌కు మాత్రమే అసలు ఫైళ్లకు మారండి.

దేవరకొండ_విద్యార్థి

అన్నా, మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నా దగ్గర 8 జీబీ ల్యాప్‌టాప్ ఒకటే ఉంది. ఊళ్లో మా తాత చెప్పే కథలు ఫోనులో 4కేలో తీశాను. ప్రాక్సీలతో నాకూ పని అవుతుందా?

వనపర్తి_లినక్స్

అవుతుంది తమ్ముడూ. 720లో ప్రాక్సీలు చేసుకో. రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టు, పొద్దున్నకు తయారవుతాయి. ఫోను ఫైళ్లలో ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు, మాటా పెదవీ కలవడం లేదనిపిస్తే ముందు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నిలకడ వేగానికి మార్చుకో. తాత మాటలను ఫోనులో ఒక్కచోటే ఉంచకు. ఇవాళే ఇంకో చోటికి కాపీ చెయ్యి.

గద్వాల_జరీ

నేను పెళ్లి సినిమాలు ఎడిట్ చేస్తాను. ఎవరూ రంగు గురించి మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను.

మా గద్వాల చీర నూలు బట్టకు పట్టు అంచు, పట్టు కొంగు. ఎర్ర అంచు మీద సన్నని జరీ గీత. 4:2:0లో తీస్తే రంగు సమాచారం అడ్డంగా సగం, నిలువుగా సగం పోతుంది. ఆ ఎరుపు పక్క నూలు మీదికి పాకినట్లు కనిపిస్తుంది. 4:2:2లో నిలువు సమాచారం మిగులుతుంది, అంచు నిలబడుతుంది. కాబట్టి ఎడిటింగ్ కష్టమవుతోందని కెమెరాను 4:2:0కు మార్చకండి అన్నయ్యా. కొందరు అదే సలహా ఇస్తారు. ఒగ్గు కథలో బండారు చల్లినప్పుడు ముఖం మీద పడే పసుపు, నుదుటి కుంకుమ, ఇవి మళ్లీ తీయలేం.

రెండో విషయం. మ్యాక్ మీద రంగు దిద్ది విండోస్ మీద చూస్తే తేడా వస్తుంది. అదే ఫైలు మ్యాక్ క్విక్‌టైమ్ ప్లేయర్‌లో కాస్త వెలిసినట్లు, విండోస్‌లో ముదురుగా కనిపిస్తుంది. ఫైలులో రాసి ఉండే గామా గుర్తును, అంటే వెలుగునీడలు ఎలా చూపాలో చెప్పే గుర్తును రెండు వ్యవస్థలూ వేర్వేరుగా అర్థం చేసుకోవడమే కారణం. నేను మొదట్లో ఒక పెళ్లికి మ్యాక్ తెర చూసి పసుపును ముదురు చేశాను, పెళ్లివారి టీవీలో అది నారింజ రంగులోకి వెళ్లింది. అమ్మాయి తల్లి ఫోన్ చేసి మా పిల్ల ముఖానికి ఏం పూశారమ్మా అని అడిగారు. అప్పటి నుంచి ఏ కంప్యూటర్ తెరనూ నమ్మను. అల్ట్రాస్టూడియో మానిటర్ 3జీ లాంటి చిన్న పెట్టె ద్వారా, సరిచేసిన ఒకే మానిటర్‌కు బొమ్మ పంపి అక్కడే తేల్చుకుంటాను. అది హెచ్‌డీ మాత్రమే ఇస్తుంది, రంగు చూడటానికి హెచ్‌డీ చాలు. నాలుగున్నర లక్షల్లో మానిటర్‌కూ ఆ పెట్టెకూ ముందే డబ్బు తీసి పక్కన పెట్టండి.

పాలమూరు_కలరిస్ట్

గద్వాల చెల్లెమ్మ చెప్పింది అక్షరాలా నిజం. నేను ముందే రాయాల్సిన మాట. మినీని 48 నుంచి 24 జీబీకి తగ్గించైనా సరే, మానిటర్ కొనండి.

గద్వాల_జరీ

టైటిళ్ల సంగతి కూడా. విండోస్‌లో అను ఫాంట్లతో పేర్లు కొట్టి ప్రాజెక్టు మ్యాక్‌కు పంపితే, అక్కడ ఆ ఫాంటు లేకపోతే తెలుగు పోయి ఇంగ్లిషు అక్షరాల గజిబిజి మిగులుతుంది. ఒగ్గు కథకుల పేర్లు, ఊళ్ల పేర్లు యూనికోడ్‌లోనే కొట్టండి. రామభద్ర, మండలి, ఎన్టీఆర్ లాంటి ఉచిత ఫాంట్లు రెండు యంత్రాల్లోనూ వేసుకోవచ్చు. అయినా ఒత్తులు విడిపోతే టైటిల్‌ను పారదర్శక పీఎన్‌జీ బొమ్మగా తీసి టైమ్‌లైన్ మీద పెట్టండి. బొమ్మ ఏ యంత్రంలోనైనా బొమ్మే.

వనపర్తి_లినక్స్

తెలుగు మాట వచ్చింది కాబట్టి, నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టిన ఒక విషయం చెబుతాను. ఫోల్డర్ల పేర్లు తెలుగులో పెట్టొద్దు, ముఖ్యంగా ఐత్వం ఉన్నవి.

కారణం ఇది. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు విధాలుగా రాయొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వానికి కింది కొమ్ము విడిగా చేర్చి. తెర మీద రెండూ ఒకటే. మ్యాక్ పాత డిస్కు పద్ధతి హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేరును విడదీసి దాచుతుంది. విండోస్ కలిపి ఉన్నదాన్ని అలాగే దాచుతుంది. లినక్స్ రెండిటినీ వేర్వేరు పేర్లుగా చూస్తుంది. నా సర్వర్‌లో మైసమ్మ అనే ఫోల్డర్లు రెండు పక్కపక్కన కూర్చున్నాయి. అక్షరం అక్షరం పోల్చినా తేడా కనబడలేదు. ఒకదానిలో క్లిప్‌లు, ఇంకోదానిలో ప్రాక్సీలు, రిజాల్వ్‌లో ఫైళ్లు దొరకడం లేదని అంతా ఎరుపు. పేర్లకు ఇంగ్లిషు చిన్న అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ వాడండి. చిన్న, పెద్ద అక్షరాలు కలపొద్దు, లినక్స్ వాటినీ వేరుగానే చూస్తుంది. ప్రశ్నార్థకం, కోలన్ లాంటి గుర్తులు విండోస్ ఒప్పుకోదు. తేదీని సంవత్సరంతో మొదలుపెడితే వరుస కూడా కుదురుతుంది.

నల్లగొండ_డోలు

ఈ మాట చదివి ఇప్పుడే మా డ్రైవులు చూశాను. సైదులు ఉర్సు అని పెట్టిన ఫోల్డర్లు మాకూ రెండు ఉన్నాయి. ఒకటి మ్యాక్‌తో వాడిన పాత డ్రైవులోది. ఇన్నాళ్లూ మా కుర్రాడు పొరపాటున రెండుసార్లు చేశాడనుకున్నాను. అతనికి ఆ మాట చెప్పాలి.

సూర్యాపేట_అసెంబ్లర్

అన్నా, ఇంతకీ ఏం నిర్ణయించారు?

నల్లగొండ_డోలు

ఇంట్లోవాళ్లతో, భాగస్వామితో కూర్చుని మాట్లాడాం. ఇలా అనుకున్నాం.

విండోస్ సిస్టమ్ ఒకటి సూర్యాపేట తమ్ముడి చేత కట్టిస్తాం. 265కే, వెనక ఎఫ్ లేనిది, 5070 టీఐ, ప్రస్తుతానికి 32 జీబీ. పెళ్లి పని ఎడియస్ మీదే సాగుతుంది, దాన్ని కదిలించం. హెచ్.264 4:2:2 కష్టమంతా ఈ కార్డు మీద పడుతుంది, ప్రాక్సీలు చేసే పనీ దీనిదే. రంగులకు ఎం4 ప్రో మినీ, 24 జీబీ. పాత ఐ7 సర్వర్ అవుతుంది, దాన్ని మేనల్లుడికి అప్పగించాం. రెండు యంత్రాలకూ 2.5 గిగాబిట్, అందుకు సర్వర్‌కు ఒక కార్డు, మినీకి ఒక అడాప్టర్, 2.5 గిగాబిట్ స్విచ్ ఒకటి కొంటే సరిపోతుందని తేలింది. ఎం1 ఎయిర్ ప్రాక్సీలతో కోత పనికి. మిగిలిన డబ్బు మానిటర్‌కు, పెట్టెకు, 2 కేవీఏ యూపీఎస్‌కు, డిస్కులకు.

మ్యాక్ పాడైతే పాలమూరు అన్న గదిలో రెండు రోజులు కూర్చునే అవకాశం ఇస్తానన్నారు. ఆ మాట మీదే ధైర్యం చేశాను.

వనపర్తి_లినక్స్

మంచి ఎంపిక. మొదటి రోజే చేయాల్సినవి రెండు. ప్రాజెక్టు ఫ్రేముల వేగం 25 అని క్లిప్‌లు దించకముందే పెట్టండి, దించాక మారదు. రెండోది దారుల జత. సర్వర్ నిల్వ విండోస్‌కు జెడ్ డ్రైవుగా కనిపిస్తుంది, మ్యాక్‌కు వాల్యూమ్స్ కింద ఫోల్డర్‌గా కనిపిస్తుంది. రిజాల్వ్ ప్రిఫరెన్సుల్లో మీడియా స్టోరేజ్ దగ్గర మ్యాప్డ్ మౌంట్ అనే గడి ఉంటుంది. అక్కడ ఆ రెండు దారులూ ఒకటేనని చెప్పాలి. లేకపోతే ఒకచోట దించిన క్లిప్‌లు ఇంకోచోట ఆఫ్‌లైన్ అని ఎర్రగా కనబడతాయి.

మ్యాక్ నుంచి కాపీ చేసినప్పుడు చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే బుల్లి ఫైళ్లు విండోస్‌లో కనిపిస్తాయి. వాటిని చూసి క్లిప్ పాడైందని కంగారు పడొద్దు. అవి మ్యాక్ తన కోసం రాసుకునే వివరాలు.

నల్లగొండ_డోలు

అయిదు వారాల తర్వాత రాస్తున్నాను. అన్నీ వచ్చాయి, నడుస్తున్నాయి.

మొదటి కథ బీరప్ప కథ. మూడు కెమెరాల ప్రాక్సీలు విండోస్ మీద రాత్రికి రాత్రి అయ్యాయి. భాగస్వామి ఎం1 ఎయిర్ మీద కెమెరాలు మారుస్తూ కోస్తుంటే ఎక్కడా ఆగలేదు. అదే టైమ్‌లైన్ మినీ మీద తెరిచి అసలు ఫైళ్లకు మారాం. మొదటిసారి అంతా ఎర్రగా వచ్చింది. దారుల జతలో మేనల్లుడు ఒక అక్షరం పెద్దది కొట్టాడు, సరిచేశాక తెరుచుకుంది. 50 ఫ్రేముల కెమెరా ముక్కలను సగం వేగంతో ఆడిస్తే డోలు పుల్ల ఒక్కో దెబ్బా కనిపిస్తోంది. ఆ కథకుడు వచ్చి చూసి, మా శిష్యులకు చేయి చూపించడానికి ఇది కావాలి అన్నారు. ఆ భాగం విడిగా తీసి ఇస్తున్నాం.

యూపీఎస్ మొదటి వారంలోనే అక్కరకొచ్చింది. రెండర్ మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది.

ఇప్పుడు ఒకే బెంగ. కథకు 650 జీబీ చొప్పున అసలు ఫైళ్లు పెరుగుతున్నాయి. సర్వర్‌లో రెండు డిస్కులు జంటగా, ఒకదాని ప్రతి ఇంకోదానిలో ఉండేలా పెట్టాం. అది చాలా?

వనపర్తి_లినక్స్

చాలదు. జంట డిస్కులు డిస్కు పోయినప్పుడు కాపాడతాయి. ఎవరైనా పొరపాటున ఫోల్డర్ తుడిచేస్తే రెండిట్లోనూ ఒకేసారి తుడిచిపెట్టుకుపోతుంది. పిడుగు పడితే రెండూ ఒకే పెట్టెలో కాలతాయి. కథ పూర్తయిన ప్రతిసారీ అసలు ఫైళ్లు, ప్రాజెక్టు డేటాబేస్ ప్రతి, టైటిల్ ఫాంట్లు ఒక బయటి డిస్కులోకి దించి ఫైలు మారలేదని తేల్చే చెక్‌సమ్ అంకెల జాబితా రాసి, ఆ డిస్కును నల్లగొండ దాటించండి. ఆరు నెలలకోసారి తెచ్చి జాబితాతో పోల్చి చూడాలి. ప్రోరెస్ కాపీలు దాచనక్కర్లేదు, అవి మళ్లీ చేసుకోవచ్చు.

దేవరకొండ_విద్యార్థి

అన్నా, ఆ డిస్కు మా ఇంట్లో ఉంచుకోవచ్చు. మాది రాతి ఇల్లు, లోపలి గదిలో ఇనుప బీరువా ఉంది. మా తాత కథల కాపీ ఒకటి మీ సర్వర్‌లో పెడతారా?

నల్లగొండ_డోలు

తప్పకుండా తమ్ముడూ. ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను. ఖాళీ డిస్కు ఒకటి అదనంగా తెస్తాను, తాత కథలు అందులోకి దించుకుని వెళ్తాను. తాత ఒప్పుకుంటే మిగిలినవి మా మూడు కెమెరాలతో తీద్దాం.